గడువు కోసం అర్జీ: ఆదాయపు పన్ను చరిత్రలో ఒక మార్పు

లక్ష్యం: ఈ భాగం చదివాక, రిటర్ను దాఖలుకు అదనపు గడువు ఇచ్చే అధికారం ఎవరి నుంచి ఎవరికి మారిందో మీరు వివరించగలుగుతారు.

1. ప్రస్తావన

మేడ్చల్ పరిశ్రమల్లోనో, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల్లోనో పనిచేసే ఒక ఉద్యోగిని ఊహించుకోండి. గడువు దగ్గరపడింది. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. ‘రిటర్ను వేయడానికి నాకు మరో నెల గడువు ఇవ్వండి’ అని ఆయన అధికారిని కోరవచ్చా? నేడు ఆ వీలు లేదు. ఒకప్పుడు ఉండేది.

2. అర్జీల కాలం

1857 తిరుగుబాటు మిగిల్చిన ఆర్థిక భారాన్ని తీర్చుకోవడానికి జేమ్స్ విల్సన్ 1860లో బ్రిటిష్ ఇండియాలో ఆదాయపు పన్ను ప్రవేశపెట్టాడు. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. హైదరాబాదుకు 1357 ఫసలీ నాటి సొంత చట్టం ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి 1922 నాటి భారత చట్టం ఇక్కడికి విస్తరించింది. వ్యవసాయాదాయం దాని పరిధిలోకి రాదు కాబట్టి సేద్యం మీద బతికే పల్లెలకు ఆ పన్నుతో పని తక్కువే.

1922 చట్టం గడువు పెంచే విచక్షణను ఆదాయపు పన్ను అధికారికి ఇచ్చింది. 1961 చట్టంలోని 139వ సెక్షన్ కూడా దాన్ని కొనసాగించింది. పన్ను చెల్లింపుదారు కారణం చూపుతూ 6వ నంబరు ఫారంలో దరఖాస్తు చేసుకునేవాడు. ఇవ్వడమూ, ఇవ్వకపోవడమూ అధికారి ఇష్టం.

3. అర్జీ స్థానంలో వడ్డీ

1987 ప్రత్యక్ష పన్నుల సవరణ చట్టం ఈ ఏర్పాటును 1989 ఏప్రిల్ 1 నుంచి తొలగించింది. అదే తేదీ నుంచి 234ఎ సెక్షన్ కింద, బాకీ పన్నుపై ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అమల్లోకి వచ్చింది. అధికారి దయతో పని లేకుండా పోయింది. అలాగే కష్టం చెప్పుకునే చోటూ పోయింది.

ఇప్పుడు గడువు పెంచితే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు లేదా ప్రభుత్వం అందరికీ కలిపి పెంచాలి. కోవిడ్ కాలంలో 2020 జూలై 31 గడువు చివరకు 2021 జనవరి 10 వరకు సాగింది. 2025లో జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, తర్వాత మరొక్క రోజు పెరిగింది.

4. ఆలస్యానికి మూల్యం

గడువు తప్పినవారు డిసెంబరు 31 లోపు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. మొత్తం ఆదాయం 5 లక్షలు దాటితే 5,000 రూపాయలు, దాటకపోతే 1,000 రూపాయల వరకు రుసుము ఉంటుంది. అసలు నష్టం వేరే ఉంది. వ్యాపారాదాయం లేని ఉద్యోగి పాత పన్ను విధానాన్ని ఎంచుకోవాలంటే గడువులోపే రిటర్ను వేయాలి. దాటితే గృహరుణ వడ్డీ, పొదుపు మినహాయింపులు చాలావరకు పోతాయి.

అర్జీకి ఒక దారి మాత్రం మిగిలింది. నిజమైన ఇబ్బంది వల్ల రిఫండు కోల్పోయినవారు 119(2)(బి) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు. ఇది గడువు ముగిశాక అడిగే క్షమాపణే తప్ప, ముందుగా అడిగే గడువు కాదు.

5. సారాంశం

1989కి ముందు గడువు వ్యక్తికీ అధికారికీ మధ్య వ్యవహారం. తర్వాత అది అందరికీ ఒకేసారి వర్తించే ప్రకటన అయింది. పక్షపాతానికి అవకాశం తగ్గింది. కానీ ఒక్కరి కష్టం వెయ్యిమంది కష్టమైతే తప్ప గడువు కదలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 6వ నంబరు ఫారం ఎందుకు ఉపయోగపడేది?
2. విచక్షణ, ఏకరూప నియమం – ఈ రెండింటిలో సామాన్యుడికి ఏది మేలు? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.