వెబ్ స్క్రిప్టులు సృష్టించే ఫైళ్ళ యాజమాన్యం

యునిక్స్, లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలలో ప్రతి ఫైలుకు ఒక యజమాని, ఒక సమూహము, కొన్ని అనుమతులు ఉంటాయి. వెబ్ సర్వరు నడిపే స్క్రిప్టు సృష్టించిన ఫైలు, ఆ స్క్రిప్టును వ్రాసినవారికి కాక, దానిని నడుపుతున్న ప్రాసెస్ ఏ వాడుకరి పేరున ఉన్నదో ఆ వాడుకరికి చెందుతుంది.

డెబియన్, ఉబుంటులలో అపాచీ సర్వరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వాడుకరిగానూ, ఫెడోరాలో అపాచీ అనే వాడుకరిగానూ నడుస్తుంది. అందుచేత అపాచీ మాడ్యూలుగా నడిచే పీహెచ్‌పీ స్క్రిప్టు ఒక ఫోల్డరును తెరచి అందులో బొమ్మలను భద్రపరిస్తే, ఎఫ్‌టీపీ ద్వారా ప్రవేశించిన సైటు యజమాని తన సైటులోని బొమ్మలను తానే తొలగించలేకపోవచ్చు.

కొత్త ఫైలు అనుమతులను యూమాస్క్ కుదిస్తుంది. యూమాస్క్ 022 అయినపుడు ఫైలుకు కోరిన 666 కాస్తా 644 గా, ఫోల్డరుకు కోరిన 777 కాస్తా 755 గా మారుతాయి. అనగా వ్రాసే హక్కు యజమానికే మిగులుతుంది. ఫైలును తొలగించే హక్కు మాత్రం, చాలామంది అనుకొనేదానికి భిన్నంగా, ఆ ఫైలు అనుమతులను బట్టి కాక అది ఉన్న ఫోల్డరు అనుమతులను బట్టి ఉంటుంది. లినక్స్‌లో యజమానిని మార్చే అధికారం సాధారణంగా రూట్‌కే ఉంటుంది.

ఈ చిక్కుకు విరుగుడుగా ఫోల్డరుకు 777 అనుమతి ఇవ్వడం పరిపాటి. పలువురి సైట్లు ఒకే సర్వరుపై ఉన్నచోట ఇది తలుపులు బార్లా తెరచి ఉంచడమే. పొరుగు ఖాతా స్క్రిప్టు కూడా అందులో వ్రాయగలదు. పీహెచ్‌పీలోని సేఫ్ మోడ్ యజమానులను పోల్చి చూసేది గాని, స్క్రిప్టు తాను తెరచిన ఫోల్డరులో తననే వ్రాయనిచ్చేది కాదు. 2012లో వెలువడిన పీహెచ్‌పీ 5.4 నుండి దానిని తొలగించారు.

స్క్రిప్టును ఖాతాదారు పేరుననే నడిపే పద్ధతులు ఇంతకంటె మేలైనవి. అపాచీలోని సూఎగ్జెక్, 2010లో పీహెచ్‌పీ 5.3.3తో చేరిన ఎఫ్‌పీఎం ఈ కోవకు చెందినవి. అయితే వీటిలో స్క్రిప్టులో లోపముంటే, చొరబడినవారికి ఆ ఖాతాలోని ఫైళ్ళన్నిటిపైనా యజమాని హక్కులే దక్కుతాయి.