కండెలు చుట్టే దేవుడు

ఎల్బీనగర్‌లో ఎక్కిన బస్సు సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్, బొంగ్లూరు గేటు, మంగల్‌పల్లి దాటింది. శేరిగూడ దగ్గర ఇంజనీరింగ్ పిల్లలు దిగాక సగం ఖాళీ అయింది. ఇదే ఇబ్రహీంపట్నం. దిగండి. జూలై ముసురు పట్టింది, బురదలో చెప్పులు జాగ్రత్త. క్లాసు పదిన్నరకు.

మీరు చివరి బెంచీలో కూర్చోండి. డిగ్రీ మూడో ఏడు పిల్లలు, వానకు పద్నాలుగు మందే వచ్చారు. కిటికీ రెక్క ఒకటి గాలికి కొట్టుకుంటోంది. బోర్డు మీద ‘ప్యూరిటన్లు’ అని రాసి, కింద రెండు ఏళ్ళు వేశాను: 1620, 1630. మొదటిది మేఫ్లవర్ ఓడ అట్లాంటిక్ దాటిన ఏడు. 102 మంది బయల్దేరారు, దిగిన ఒడ్డున తొలి చలికాలం గడిచేసరికి సగం మంది లేరు. రెండోది ఆర్బెల్లా ఓడలో జాన్ విన్‌త్రప్ వెంట మరో గుంపు వచ్చిన ఏడు. ఇంగ్లండు చర్చిలో ఆడంబరం ఇంకా పోలేదనీ, బైబిల్లో లేనిది గుడిలో ఉండకూడదనీ పట్టుబట్టిన మనుషులు వీళ్ళు. రెండో గుంపు దిగిన ఆరేళ్ళకే, 1636లో, హార్వర్డ్ పెట్టుకున్నారు. 1640లో కీర్తనల పుస్తకం అచ్చేసుకున్నారు. ఆ ఇంగ్లీషు వలసల్లో అచ్చయిన తొలి పుస్తకం అదే.

“రాత ఎలా ఉండాలన్నదానికీ వాళ్ళకో పట్టుదల ఉంది. మాట సాదాగా ఉండాలి. గుడిలో వెనక వరస రైతుకు అర్థం కాని ప్రసంగం ప్రసంగమే కాదు.”

మూడో బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. వాళ్ళది గొర్ల కాపరుల ఇల్లు. “గట్లయితే కవిత్వం ఎట్ల రాసిండ్రు సార్?”

ఈ ప్రశ్న కోసమే నేను బస్సెక్కి వస్తాను. జవాబు చెప్పబోయే ముందు కిటికీలోంచి చెరువు వైపు చూపించాను. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు చెరువు అది. ఆయన 1580లో పోయాడు. ప్యూరిటన్ అన్నది అప్పటికి ఇంగ్లండులో కొత్త మాట. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కే పొన్నిగంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’ అంకితమిచ్చాడు. సంస్కృత పదాలను దూరం పెట్టి అచ్చతెలుగులో కట్టిన తొలి కావ్యం అది. ఇంటి మాటలతో కావ్యం నిలుస్తుందా అన్న పరీక్ష ఈ నేల మీద అప్పటికే అయిపోయింది. తెలగన్నకు అది కవితా సాహసం, ప్యూరిటన్‌కు భక్తిలో భాగం. కానీ ఇద్దరూ చెయ్యి పెట్టింది ఇంట్లోని మాటల మీదే.

సరే, ఇప్పుడు దీపం ఆర్పేసినట్టు అనుకోండి. 1666 జూలై 10, రాత్రి. మసాచుసెట్స్‌లోని ఆండోవర్. ఆర్బెల్లా ఓడలో పద్దెనిమిదేళ్ళ పిల్లగా వచ్చిన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌కు ఇప్పుడు యాభై నాలుగు దాటాయి, ఎనిమిది మంది బిడ్డల తల్లి. ఆమె కవితలు 1650లోనే లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. నిద్రలో కేకలు వినిపించాయి. నిప్పు! బయటికి పరుగెత్తి నిలబడింది. ఇల్లు కళ్ళ ముందే కాలిపోతోంది. చూడలేక, ఇచ్చిందీ తీసుకున్నదీ ఆయనేనని దేవుడికి దండం పెట్టుకుంది. అక్కడితో ఆగి ఉంటే మతం వల్లించిన పద్యం అయ్యేది. ఆమె ఆగలేదు. తర్వాత ఆ బూడిద పక్కనుంచి పోతున్నప్పుడల్లా కళ్ళు అటే పోయేవి. ఎక్కడ కూర్చునేది, పెట్టె ఎక్కడుండేది, ఇక ఆ బల్ల దగ్గర చుట్టం తినడు, ఆ ఇంట్లో పాత కథలు చెప్పుకోరు. ఒక్కొక్కటీ తలుచుకుని, చివరికి తన మనసును తానే మందలించుకుంది, అసలు ఇల్లు పైన ఉందని.

“దేవుని తిట్టుకోలేదా సార్?” ముందు బెంచీ అమ్మాయి.

“తిట్టుకోలేదు బిడ్డా. పెట్టెను మాత్రం మరిచిపోలేదు.”

క్లాసులో కాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఆ గుంజులాటలోనే ప్యూరిటన్ సాహిత్యపు ప్రాణం ఉందని నా నమ్మకం. లోకం మీద మమకారం పెంచుకోకూడదని వాళ్ళ మతం చెప్పింది. చేతిలో ఉన్న పెన్ను మాత్రం బల్లనూ పెట్టెనూ వదల్లేదు.

ఇక జిరాక్స్ కాగితాలు పంచుతాను. మీరూ ఒకటి తీసుకోండి. ఎడ్వర్డ్ టేలర్, వెస్ట్‌ఫీల్డ్ అనే సరిహద్దు ఊరి పాదిరి. 1671 నుంచి చచ్చేదాకా, 1729 దాకా, అక్కడే. ఈ పద్యం పేరుకు తెలుగులో ఇల్లాలి పని అనుకోండి. దేవుణ్ణి మూడు కోరికలు కోరతాడు. నన్ను నీ రాట్నం చెయ్యి. నన్ను నీ మగ్గం చెయ్యి. ఆ నేసిన బట్ట నాకు కట్టు. దేవుడి వాక్యం ఉన్ని చుట్టిన కర్ర, తన ప్రేమలు పురి పెట్టే రెక్కలు, తన ఆత్మ నూలు చుట్టుకునే కండె.

నేను ఈ పద్యం మొదట చదివింది ఉస్మానియా క్యాంపస్‌లో, 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీలో. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పనిముట్టు పేరు వెతికాను. అర్థాలు దొరికాయి గానీ, పద్యం దొరకలేదు.

ఇవాళ ముందు బెంచీ అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి చదువుతోంది. పోచంపల్లి వైపు చేనేత ఇల్లు, ఇక్కడ మేనత్త దగ్గరుండి చదువుకుంటోంది. తలెత్తింది.

“సార్, నేసేది దేవుడు. మరి కండెలు చుట్టేది పరిశుద్ధాత్మ అని ఉంది, నిజమేనా?”

“నిజమే.”

“మా ఇంట్ల నాయన మగ్గం గుంతల కూసుంటడు. కండెలు అమ్మ చుడుతది, ఆసు అమ్మ పోస్తది. చీరె అమ్ముడువోతే నాయన నేసిండంటరు. కండెలు చుట్టినోళ్ళను ఎవరు లెక్కవెడతరు సార్? ఈయన ఆ పని దేవునికే ఇచ్చిండు.”

ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఈ మాట నాకు తట్టలేదు. బోర్డు దగ్గరికి పిలిచి చాక్‌పీసు ఇచ్చాను. పడుగు గీసింది, పేక గీసింది, నాడె ఎటు పోయి ఎటు వస్తుందో బాణం గుర్తు వేసింది. పద్యంలో నేత అయ్యాక బట్టను మరలో మోదుతారు. ఉన్నిబట్టను తడిపి, చిక్కబడేలా కొట్టే మర అది. చర్చి కట్టడలే ఆ మర అన్నాడు టేలర్. ఆమె అక్కడ ఆగి వెనక్కి చూసింది. గొర్ల కాపరుల అబ్బాయి లేచాడు.

“గొంగడికి చింతగింజల గంజి పడతరు. గప్పుడే వాన ఆగుతది.”

మర వేరు, గంజి వేరు. అయినా బట్ట గట్టిపడటానికి కష్టం పడాలన్న సంగతి క్లాసు మొత్తానికీ అర్థమైపోయింది.

ఈ పద్యం టేలర్ 1680ల మొదట్లో రాశాడంటారు. బోస్టన్‌లో పుట్టిన ఒకడు అదే కాలంలో మన తీరాన ఉన్నాడు. ఎలిహు యేల్, 1672లో మద్రాసు కోటకు గుమాస్తాగా వచ్చి, 1687 నుంచి 1692 దాకా గవర్నరు. దామెర్ల వెంకటప్ప నాయకుడు 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన నేల అది. అక్కడినుంచి ఓడలకెక్కిన సరుకులో ముఖ్యమైంది కోరమాండల్ నేత. ఆ కోట నుంచి బానిసలనూ ఓడలెక్కించారు, అది మరిచిపోకూడదు. యేల్ ధనవంతుడై ఇంగ్లండు చేరాక, 1718లో కాటన్ మేథర్ జాబు రాశాడు. కనెక్టికట్ కాలేజీకి సాయం చేస్తే మీ పేరు పెడతారని. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో 19 మందిని ఉరితీస్తే, ఆ విచారణలను సమర్థిస్తూ పుస్తకం రాసిన పాదిరి ఈ మేథరే. యేల్ 417 పుస్తకాలు, రాజు పటం, తొమ్మిది బేళ్ళ సరుకు పంపాడు. బేళ్ళలో కాలికో ఉంది, మస్లిన్ ఉంది. అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. కాలేజీకి ఆయన పేరు పడింది.

టేలర్ బతికుండగా ఆ కవిత్వం పుస్తకంగా రాలేదు. మనుమడు ఎజ్రా స్టైల్స్ యేల్‌కు అధ్యక్షుడయ్యాడు. రాతప్రతి చివరికి ఆ లైబ్రరీకే చేరింది. థామస్ జాన్సన్ అనే పండితుడి కంట పడింది 1937లో. రాట్నం, మగ్గం, కండెల పద్యం, బట్ట అమ్మిన డబ్బుతో నిలిచిన కాలేజీలో అన్నేళ్ళు పడుకుని ఉంది. ఇది చెప్పినప్పుడు ఆ అమ్మాయి నోట్సు రాసుకోవడం మానేసి నా వైపు చూసింది.

మర్నాడూ రండి. వాన ఇంకా వెలవలేదు. గొర్ల కాపరుల అబ్బాయి సంచీలోంచి తాత గొంగడి తీసి బల్ల మీద పరిచాడు. నల్లగా, బరువుగా, ఉన్ని వాసన, చింతగింజల వాసన. “నానమ్మ వడికింది, తాత నేసిండు” అన్నాడు. చేనేత అమ్మాయి అంచు పైకెత్తి, వెలుతురుకు పట్టి, పేక ఎంత దగ్గరగా పడిందో గోటితో నొక్కి చూసింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముట్టుకున్నారు. టేలర్ మూడో కోరికను నేను మళ్ళీ చదివాను. ఆ బట్ట తన బుద్ధికీ, సంకల్పానికీ, జ్ఞాపకానికీ, మాటకూ, చేతకూ కట్టమంటాడు.

గంట కొట్టారు. అబ్బాయి గొంగడిని మడిచి, నెత్తి మీదుగా కొప్పెర పెట్టుకున్నాడు. “మీరు తడుస్తరు, నా పక్క రండి సార్” అంటూ వానలోకి దిగాడు.