సూరత్ తీరంలో రెండో లంగరు: తెరచాప పడవలకు అదనపు లంగర్ల అవసరం

సూరత్: దూర ప్రయాణాలకు బయలుదేరే తెరచాప పడవ కనీసం రెండు లంగర్లను, వీలైతే మూడింటిని వెంట తీసుకువెళ్లడం నావికుల్లో చిరకాలంగా ఉన్న ఆచారం. అందుకు గల కారణాలు భారత తీరంలో ఎంతో స్పష్టంగా కనిపించే ప్రాంతాల్లో ఖంభాత్ సింధుశాఖ ఒకటి. దాని ముఖద్వారానికి తూర్పున, తపతి నది ఒడ్డున సూరత్ నగరం ఉంది. ఈ ప్రాంతానికి విహార పడవలు రావడం అరుదు. ముంబయి నుంచి డయ్యూ, పోర్‌బందర్‌ల వైపు సాగే పడవలు మాత్రం ఈ ముఖద్వారాన్ని దాటక తప్పదు. గాలి ఆగినా, యంత్రం మొరాయించినా అక్కడ లంగరే దిక్కు.

మొగలుల కాలంలో సూరత్ దేశంలోని ప్రధాన రేవుల్లో ఒకటి. మక్కా యాత్రికుల ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరేవి. అయితే తపతిలో లోతు చాలక పెద్ద ఓడలు నగరం వరకు వచ్చేవి కావు. నదీముఖానికి ఉత్తరాన, నేటి హజీరాకు సమీపంలోని సువాలీ వద్ద అవి లంగరు వేసేవి. ఆంగ్లేయులు ఈ చోటును ‘స్వాలీ’ అని రాసుకున్నారు. సముద్రం వైపు ఉన్న ఇసుకమేట అలలను అడ్డుకోవడం వల్ల లోపలి పాయలో ఓడలకు కొంత రక్షణ లభించేది. ఆ ఇసుకమేటలే ఒక్కోసారి ముప్పుగానూ మారేవి. 1612 నవంబరు చివర థామస్ బెస్ట్ నాయకత్వంలోని ‘రెడ్ డ్రాగన్’, ‘హోసియాండర్’ ఓడలకూ పోర్చుగీసు నౌకలకూ మధ్య ఇక్కడ పోరు జరిగింది. అందులో మూడు పోర్చుగీసు నౌకలు ఇసుకలో కూరుకుపోయాయి. తర్వాత వాటిని తిరిగి నీటిలో తేల్చగలిగారు.

ఆనాటి పెద్ద ఓడల్లో నాలుగైదు లంగర్లు ఉండేవి. ముందు భాగంలో నిత్యం వాడేవి రెండు. అన్నింటిలోకీ బరువైన మరొక దానిని చివరి ఆధారంగా ఉంచేవారు. ఓడను ఒక చోటు నుంచి మరో చోటికి లాగడానికి చిన్న లంగర్లు వేరుగా ఉండేవి. నేటి 12 మీటర్ల విహార పడవలో కనిపించే ఏర్పాటు దీనికి సంక్షిప్త రూపమే. ‘లంగరు’ అనే మాట కూడా పారశీకం నుంచి వచ్చి తెలుగులో స్థిరపడినదే.

సూరత్ సముద్రంలో లెక్క తప్పించేది ఆటుపోట్ల వ్యత్యాసం. పౌర్ణమి, అమావాస్యల సమయంలో ఈ తీరంలో నీటిమట్టం సుమారు ఆరు మీటర్ల మేర పెరిగి తగ్గుతుంది. సింధుశాఖ లోపల భావనగర్ వైపు ఇది 10 మీటర్లను మించుతుంది. విశాఖపట్నంలో ఈ తేడా ఒకటిన్నర మీటర్ల స్థాయిలోనే ఉంటుంది. ఆటు సమయంలో నాలుగు మీటర్ల లోతున లంగరు వేసిన పడవను తీసుకుందాం. పడవ ముందు భాగం నీటికి 1.2 మీటర్ల ఎత్తున ఉంటే మొత్తం నిలువు దూరం 5.2 మీటర్లు. దానికి ఐదు రెట్లు గొలుసు వదలాలన్న సాధారణ నియమం ప్రకారం 26 మీటర్లు చాలు. ఆరు గంటల తర్వాత పోటు నిండేసరికి విశాఖలో ఆ నిలువు దూరం 6.7 మీటర్లు అవుతుంది. 26 మీటర్ల గొలుసు అప్పటికీ దానికి నాలుగు రెట్లకు దగ్గరగా ఉంటుంది. సూరత్‌లో అదే దూరం 11.2 మీటర్లు అవుతుంది. గొలుసు రెండు రెట్లకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అప్పుడు లాగుడు అడుగున సమాంతరంగా కాక పైకి ఉండడంతో లంగరు కొన నేలను వదిలేస్తుంది. పోటు లోతుకు ఐదు రెట్లు కావాలంటే 56 మీటర్లు, గాలి పెరిగి ఏడు రెట్లు కావాలంటే 78 మీటర్లు వదలాలి. గాలి వేగం రెట్టింపయితే పడవపై దాని ఒత్తిడి నాలుగింతలవుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

దీనికి ప్రవాహ దిశ మారడం తోడవుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉండడంతో ప్రతి ఆరు గంటలకొకసారి పడవ వెనుదిరిగి లంగరును వ్యతిరేక దిశలో లాగుతుంది. అలా తిరిగిన ప్రతిసారీ లంగరు నేల నుంచి ఊడి మళ్లీ నాటుకోవాలి. నాటుకోకపోతే, చీకట్లో పడవ కొట్టుకుపోతున్న సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు. అందుకే ఇటువంటి చోట్ల ప్రవాహానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున రెండు లంగర్లు వేసి, రెండింటి తాళ్లనూ పడవ ముందు భాగానికే కట్టే పద్ధతి ఉంది. ఆటులో ఒక లంగరు, పోటులో మరొకటి భారం మోస్తాయి. ఏ లంగరూ దిశ మారవలసిన పని ఉండదు. పడవ తిరిగే వలయం కూడా తగ్గుతుంది. రెండు తాళ్లు మెలిపడడం ఇందులోని చిక్కు. రెండో దానిని గొలుసుకు బదులు తాడుతో వేస్తే మెలి విప్పడం కొంత తేలిక.

ఇసుకమేటపై పడవ ఆనినప్పుడు చిన్న లంగరు విలువ తెలుస్తుంది. దానిని డింగీలో ఎక్కించి లోతు వైపు తీసుకువెళ్లి జారవిడవాలి. ఆ తాడును పడవపైని చక్రానికి చుట్టి, నీరు పెరుగుతున్న కొద్దీ లాగుతుంటే పడవ బయటపడుతుంది. ఇరవై ఐదు కిలోల ప్రధాన లంగరును, దాని గొలుసును చిన్న డింగీలో ఇలా మోయడం సాధ్యం కాదు. పౌర్ణమి పోటు శిఖరంపై మేటకెక్కిన పడవ పరిస్థితి మరీ కష్టం. తర్వాతి పోట్లు రోజురోజుకూ తగ్గుతాయి కనుక ఆ గంటలోనే బయటపడకపోతే అమావాస్య వరకు, అంటే సుమారు రెండు వారాలు, అక్కడే నిలవవలసి రావచ్చు.

అదనపు లంగరు ప్రధాన లంగరుకు నకలుగా ఉంటే ప్రయోజనం సగమే. సముద్రం అడుగు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నాగలి ఆకారంలోని సీక్యూఆర్ లంగరును 1933లో రూపొందించినది ప్రవాహ యాంత్రిక శాస్త్రంలో ప్రఖ్యాతుడైన జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్. ఆయన స్వయంగా తెరచాప పడవ నడిపేవారు. రెండు పలుచని రెక్కలు గల డాన్‌ఫర్త్ రకం రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను తీరానికి దింపే పడవల్లో విస్తృతంగా వాడారు. ఒడ్డుకు చేరే ముందు పడవ వెనుక నుంచి దానిని జారవిడిచి, తిరిగి వెళ్లేటప్పుడు ఆ తాడునే లాగి ఒడ్డు నుంచి బయటపడేవారు. ఇసుకలో, ఖంభాత్ సింధుశాఖలో కనిపించే మెత్తని ఒండ్రులో ఇది తన బరువుతో పోలిస్తే చాలా గట్టిగా పట్టుకుంటుంది. రాతి నేలపై మాత్రం దీనిని నమ్మడానికి లేదు. ప్రవాహం తిరిగినప్పుడు ఊడితే మళ్లీ నాటుకోవడంలోనూ ఇది బలహీనమే. కాబట్టి ప్రధాన లంగరుగా నాగలి లేదా చెంచా ఆకారపు రకం, రెండోదిగా డాన్‌ఫర్త్ రకం ఉండడం మేలు. రాళ్లు, సముద్రపు నాచు ఉన్న తీరాలకు వెళ్లేవారు పాతకాలపు రెండు కొక్కేల లంగరును మూడోదిగా ఉంచుకుంటారు.

బరువు విషయంలో వాదనలు తెగవు. పది మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 2.3 కిలోలు తూగుతుంది. అరవై మీటర్లయితే దాదాపు 138 కిలోలు. అంత బరువుపై మరో లంగరును కూడా ముందు భాగంలోనే వేలాడదీస్తే పడవ ముక్కు అలల్లోకి దిగుతుంది. రెండో దానిని పడవ వెనుక, మూడోదానిని విప్పి అడుగు అరలో మధ్యగా ఉంచడం పరిపాటి. అల్యూమినియంతో చేసి, ముక్కలుగా విప్పగలిగే డాన్‌ఫర్త్ రకాలు 12 మీటర్ల పడవకు సరిపడేవి ఏడు కిలోల లోపే దొరుకుతాయి.

ఎక్కువ పడవల్లో లోపం లంగరులో కాక దాని తాడులో ఉంటుంది. రెండో లంగరును కొన్నవారు దానికి గొలుసు, తాడు, కలిపే కొక్కెం సిద్ధం చేయరు. ప్రధాన గొలుసు తెగిన రాత్రి, ఊగుతున్న పడవలో సామాన్ల కింద తాడు వెతికే వ్యవధి ఉండదు. ఐదారు మీటర్ల గొలుసు, దానికి 60 మీటర్లకు తగ్గని నైలాన్ తాడు ముందే కట్టి సంచిలో చుట్టి ఉంచిన లంగరునే అదనపు లంగరుగా లెక్కించాలి. మిగతాది ఇనుప సామాను మాత్రమే. గొలుసు నేలకు రాసుకునే చోట అరుగుదలను తట్టుకుంటుంది. నైలాన్ సాగి అలల కుదుపును మింగుతుంది.

లంగరు పట్టు తప్పితే ఏం జరుగుతుందో తెలుగు పాఠకులు కళ్లారా చూశారు. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం సమయంలో విశాఖ వద్ద లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు నౌక ‘ఎం.వి. మా’ కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు తీరాన రాళ్లపై చిక్కుకుంది. అందులోని 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. 2021 మే 17న తౌక్తే తుపానులో ముంబయికి దూరంగా చమురు క్షేత్రంలో ఉన్న పి-305 బార్జీకి ఆ అదృష్టం లేదు. దాని లంగర్లు తెగిపోయి, అది కొట్టుకుపోయి మునిగింది. 261 మందిలో 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఒకే భారాన్ని మోసే లంగర్లలో ఒకటి వదిలితే దాని వంతు మిగిలిన వాటిపై పడుతుంది. అదనపు లంగరు తుపాను సూచన వినగానే రేవు చేరుకోవడానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

కొన్నిసార్లు లంగరును వదిలేయడమే సరైన నిర్ణయం. పాత వలలోనో రాళ్లలోనో చిక్కి అది రాకపోవచ్చు. పక్క ఓడ కొట్టుకువస్తుంటే గొలుసు లాగే సమయం ఉండకపోవచ్చు. రెండోది సిద్ధంగా ఉన్న నావికుడే మొదటిదాన్ని వెనుకాడకుండా వదలగలడు. అందుకే గొలుసు చివరను పడవకు ఇనుప కొక్కెంతో బిగించకుండా, పైకి అందేంత పొడవున్న బలమైన తాడుతో కడతారు. అవసరమైనప్పుడు కత్తితో కోయవచ్చు. వదిలే ముందు ఆ చివరకు తేలే బుడ్డి కట్టాలి. నీరు శాంతించాక వచ్చి వెతకడానికి అదే గుర్తు. సూరత్ తీరంలో ఆ బుడ్డి తాడును ఆటు లోతుకు సరిపెడితే పోటు సమయంలో బుడ్డి నీటి కింద మాయమవుతుంది. పోటు లోతుకు మించి మరికొన్ని మీటర్లు ఉండాలి.