రెక్కల పురుగులో ఆడదేది, మగదేది?



బుచ్చయ్యపేట, చోడవరం వైపు చెరకు వేసేవారికి పీక పురుగు సంగతి వేరే చెప్పనక్కరలేదు. నాటిన మూడు నెలల లోపున మొవ్వు ఎండుతుంది. పట్టుకు లాగితే వూడి వస్తుంది, కంపు కొడుతుంది. దీనికోసం చేలో లింగాకర్షక బుట్ట కట్టారనుకోండి. తెల్లవారి చూస్తే అందులో గడ్డిరంగు రెక్కల పురుగులు పడివుంటాయి. "ఇన్ని చచ్చాయి, పీడ వదిలింది" అనిపిస్తుంది. కాని వాటిలో గుడ్డు పెట్టేది ఒక్కటీ లేదు. అన్నీ మగవే. ఆడది చేలోనే వుంది!

ఈ ఆడా మగా తేడాను పట్టించుకొని బాగుపడినవారు పట్టుపురుగులు పెంచేవారు. గూటిలోంచి బయటపడిన ఆడ పురుగు పొట్ట గుడ్లతో నిండి లావుగా వుంటుంది, కూర్చున్న చోటు కదలదు. మగది చిన్నది, పొట్ట సన్నం. రెక్కలు టపటపలాడిస్తూ ఆడదాని చుట్టూ తిరుగుతుంది. దాని మీసాలు దువ్వెన పళ్ళలాగ ఒత్తుగా వుంటాయి. గూడు కోసి లోపలి పురుగును చూచినా తెలుస్తుంది: ఆడదానికి పొట్ట చివర అడ్డగీతలు రెండు కలిసిన గుర్తు, మగదానికి చిన్న చుక్క.

1865 నాటికి ఫ్రాన్సు దేశంలో పెబ్రిన్ అనే తెగులు పట్టు పరిశ్రమను ముంచేసింది. ఆ సంవత్సరమే లూయీ పాశ్చర్ అక్కడి రైతుల మధ్యకు వచ్చాడు. ఈ తెగులు తల్లినుండి గుడ్డుకు దిగుతుంది. కనుక ఒక్కొక్క ఆడ పురుగుచేత విడిగా గుడ్లు పెట్టించి, తరువాత దాన్ని నూరి సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. తెగులు కనబడితే ఆ గుడ్లు తగలబెట్టవలసిందే. ఇవ్వాళ్టికీ గుడ్ల కేంద్రాల్లో తల్లినే పరీక్షిస్తారు. 1906లో జపాను శాస్త్రజ్ఞుడు టోయామా రెండు జాతులను కలిపితే పురుగు బలంగా వస్తుందని చూపాడు. మన హిందూపురం వైపు పెంచే సంకర రకాలూ ఆ దారిలో వచ్చినవే. ఒక జాతి ఆడవీ, వేరొక జాతి మగవీ ముందే ఏరి విడదీయకపోతే సంకరం కుదరదు.

మరి వాసన సంగతి? ఫాబర్ అనే ఫ్రెంచి పరిశీలకుడు ఒక పెద్ద ఆడ రెక్కల పురుగును తీగెల బుట్ట కింద వుంచాడు. ఆ రాత్రే సుమారు నలభై మగ పురుగులు ఇంట్లోకి వచ్చి వాలాయి! గాజు పాత్రలో బిగించి మూస్తే ఒక్కటీ రాలేదు. 1900లో అచ్చయిన గ్రంథంలో ఈ వింత వ్రాశాడు. ఆ వాసన యేమిటో 1959లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బూటెనాంట్ తేల్చాడు. సుమారు ఐదు లక్షల ఆడ పట్టు పురుగుల గ్రంథులు పిండితే దొరికింది కొద్ది మిల్లీగ్రాములే. చేసే పనికి ఓపిక వుండాలి గదా!

మన బుట్టలో వుండేది అటువంటి ఆడ వాసనే, కాకపోతే ఫ్యాక్టరీలో చేసినది. ఏ జాతి వాసన ఆ జాతికే. పీక పురుగు ఎరకు కణుపు తొలిచే పురుగు రాదు.

బుట్టలోని పురుగును భూతద్దం కింద పెట్టి చూడండి. వెనుక రెక్క మొదట్లో మగదానికి ఒకే లావు ముల్లు వుంటుంది, ఆడదానికి రెండు మూడు సన్ననివి. పొట్ట కొన కూడ మగదానిది సన్నం. నలిగి పొలుసు రాలిన పురుగైతే ఈ ముల్లే నమ్మకం.

ఒక మగది చాల ఆడవాటితో కలవగలదు. కొన్ని మగవి చచ్చినంత మాత్రాన గుడ్లు ఆగవు. బుట్టలో లెక్క పెరిగిందంటే ఆడవి గుడ్లు పెట్టే రోజులు వచ్చాయన్నమాట. ఆకుల అడుగున చేప పొలుసుల్లాగ వరసగా అంటుకొన్న గుడ్ల కోసం వెంటనే చూడండి; అవి వారం లోపే పగులుతాయి. దొరికిన ఆకులు తుంచి తగలబెట్టండి. రోజూ లెక్క ఒక కాగితం మీద వేసుకోండి. 1913 నుండి చెరకు మీద పరిశోధన చేస్తున్న అనకాపల్లి కేంద్రానికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకువెళ్ళండి. ట్రైకోగ్రామా పరాన్నజీవుల కార్డులు ఏ రోజున కట్టాలో దాన్ని చూచి చెబుతారు.