పైసకు అమ్మని బొమ్మ

పేకముక్క ఒకటి తీసి అరచేతిలో పెట్టుకోండి. పొడవు మూడున్నర అంగుళాలు, వెడల్పు రెండున్నర. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 89, 64. అంత అట్టముక్క మీద మీ ఇష్టం వచ్చినట్టు రంగు పూయొచ్చు, పాత పుస్తకంలోని కాగితం చించి అంటించొచ్చు, గుడ్డపేలిక పెట్టి కుట్టొచ్చు, రబ్బరు స్టాంపు గుద్దొచ్చు. వెనక మీ సంతకం, తేదీ ఉండాలి. ఇక మిగిలింది ఒకే కట్టుబాటు. దాన్ని అమ్మకూడదు. ఎవరికైనా ఇచ్చి, వాళ్లు చేసిన ముక్క ఒకటి పుచ్చుకోవాలి.

దీని పేరు ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డు. తెలిసినవాళ్లు పొట్టిగా ఏటీసీ అంటారు. 1997లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరంలో పుట్టింది. అయితే కార్డు కొలతకు అంతకంటే చాలా వయసుంది, అమ్మకూడదన్న కట్టుబాటుకూ ఉంది. కొలత అంగడి నుంచి వచ్చింది. కట్టుబాటు అంగడితో పొసగనివాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. ఈ ఇద్దరికీ వియ్యం ఎలా కుదిరిందో చూద్దాం.

సిగరెట్టు నలగకుండా

పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో సిగరెట్లను పలచని కాగితం పొట్లాల్లో అమ్మేవారు. జేబులో పెట్టుకుంటే నలిగిపోయేవి. అందుకని లోపల ఒక అట్టముక్క దూర్చేవారు. ఎలాగూ పెడుతున్న అట్ట ఖాళీగా ఎందుకుండాలని దాని మీద బొమ్మలు అచ్చేశారు. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ ఈ పనిలో ముందు వరసలో నిలిచింది. నటీమణులు, పక్షులు, దేశాల జెండాలు, బేస్‌బాల్ ఆటగాళ్లు, ఇలా సెట్లు సెట్లుగా బొమ్మలు దిగాయి.

సెట్టు పూర్తి చేయాలంటే రెండు దారులు. ఇంకో పెట్టె కొనడం ఒకటి, రెండేసి ఉన్నవాడితో మార్చుకోవడం ఇంకొకటి. కంపెనీ కోరుకున్నది మొదటి దారి, జనం కనిపెట్టింది రెండోది. అగ్గిపెట్టెల మీది బొమ్మలూ, బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల ఫొటోలూ పుస్తకాల సంచీలో దాచుకున్నవాళ్లకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. నా దగ్గర కపిల్‌దేవ్‌లు ఇద్దరున్నారు, నీ దగ్గర గవాస్కర్లు ఇద్దరున్నారు, ఇంకేం ఆలస్యం?

వంటింటి బల్ల మీద కుదిరిన కొలత

పొగాకును వదిలిన బొమ్మ తర్వాత చూయింగ్ గమ్‌ను పట్టుకుంది. 1951 చివర్లో టాప్స్ అనే గమ్ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్, తన సహోద్యోగి వుడీ గెల్మన్‌తో కలిసి, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని తన ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అట్టలు కత్తిరించి అతికిస్తూ మరుసటి ఏడాది బేస్‌బాల్ కార్డుల నమూనా తయారు చేశాడు. లక్షల్లో అచ్చయిన సరుకు కూడా కత్తెర, జిగురులతోనే మొదలైందన్నమాట. ఆ 1952 సెట్టులో అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గర్ తర్వాత చెప్పుకొచ్చాడు. మునగని కాపీల్లో ఒకటి, మికీ మాంటిల్ అనే ఆటగాడి బొమ్మ, 2022లో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

1957లో టాప్స్ తన కార్డును కాస్త కుదించి రెండున్నర బై మూడున్నర అంగుళాలకు తెచ్చింది. కాలక్రమాన అదే ఆటల కార్డులన్నిటికీ ఖాయమైంది. కొలత ఖాయమైతే దాచుకునే సరంజామా దానంతట అదే వస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు, అడ్డం మూడు నిలువు మూడు చొప్పున తొమ్మిది జేబులుండే ఆల్బమ్ పుటలు ఈ లెక్కకే తయారయ్యాయి. జూరిక్‌లో ఏటీసీని పుట్టించిన చిత్రకారుడు కొలత ఎంచుకునేనాటికి ఈ జేబులన్నీ దుకాణాల్లో సిద్ధంగా ఉన్నాయి.

చేతులు మారిన బొమ్మలు

ఇక రెండో వంశం. బొమ్మను అమ్మకుండా మార్చుకోవడం చిత్రకారులకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు.

జపాన్‌లో ఎడో నగరం, అంటే నేటి టోక్యో, 1765. అక్కడి చాంద్రమానంలో ఏది ముప్పై రోజుల నెల, ఏది ఇరవై తొమ్మిది రోజుల నెల అన్నది ఏటా మారేది. పంచాంగం అచ్చువేసే హక్కు ప్రభుత్వం ఇచ్చిన కొద్దిమందికే ఉండేది. రసికులైన సంపన్నులు నెలల అంకెలను కిమోనో మడతల్లోనో, ఓణీ అంచు లాంటి నడికట్టు మీదో దాచిపెట్టి బొమ్మలు అచ్చేయించి, గోష్ఠుల్లో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేవారు. ఎవరి బొమ్మ మేలన్న పంతంలో ఖర్చుకు వెనకాడలేదు. జపాన్ గర్వపడే పూర్తి రంగుల చెక్క అచ్చు, సుజుకి హరునోబు చేతుల మీదుగా, ఆ పంతంలోంచే పుట్టింది.

జపాన్ చిత్రకారులు తమలో తాము బొమ్మలు మార్చుకుంటారన్న సంగతి విన్సెంట్ వాన్‌గోకు ఎంతో నచ్చింది. 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నుంచి మిత్రులు పాల్ గోగాన్‌కూ, ఎమిల్ బెర్నార్‌కూ ఆ ప్రతిపాదనే పెట్టాడు. వాళ్లిద్దరూ తమ స్వీయచిత్రాలు పంపారు. గోగాన్‌కు అంకితమిస్తూ ఇతను తనది పంపాడు. ముగ్గురిలో ఎవరి దగ్గరా అప్పటికి డబ్బు లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ అలవాటు తపాలా పెట్టెలో పడింది. న్యూయార్క్‌లో రే జాన్సన్ అనే చిత్రకారుడు 1950ల నుంచి స్నేహితులకు కత్తిరించి అతికించిన బొమ్మలు పోస్టు చేసేవాడు. కొన్నిటి మీద నువ్వూ ఏదైనా చేర్చి తిరిగి పంపమని రాసేవాడు. 1962లో అతని మిత్రుడు ఎడ్ ప్లంకెట్ ఈ ఉత్తరాల బృందానికి సరదాగా న్యూయార్క్ కరెస్పాండెన్స్ స్కూల్ అని పేరు పెట్టాడు. క్రమంగా ఇది మెయిల్ ఆర్ట్ పేరుతో దేశదేశాలకు పాకింది. ఎంపిక సంఘం ఉండదు, ప్రవేశ రుసుము ఉండదు, అమ్మకం ఉండదు. స్టాంపు డబ్బులుంటే చాలు, ఎవరైనా చిత్రకారుడే.

అతికింపుల కళకూ ఒక మూలపురుషుడున్నాడు. జర్మనీలోని హానోవర్‌కు చెందిన కుర్ట్ ష్విటర్స్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ట్రామ్ టికెట్లు, మిఠాయి కాగితాలు, చెక్కపేళ్లు ఏరుకొచ్చి బొమ్మలు కట్టాడు. ఒక బొమ్మలో ఒక బ్యాంకు ప్రకటన ముక్క అతికించాడు. వాణిజ్యమని అర్థమిచ్చే జర్మన్ మాట ‘కొమెర్ట్స్’లో మొదటి సగం కత్తెరకు పోయి ‘మెర్ట్స్’ అని మిగిలింది. ఆ అర్థంలేని ముక్కనే తన కళ మొత్తానికి పేరుగా పెట్టుకున్నాడు.

జూరిక్ పుస్తకాల కొట్టు

ష్విటర్స్‌కు దారి చూపిన డాడా కళా ఉద్యమం 1916లో కాబరే వోల్టేర్ అనే చోట మొదలైంది. అది ఉన్నది జూరిక్‌లోనే. ఎనభై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఎం. వాన్చి స్టిర్నెమాన్ అనే చిత్రకారుడు పేకముక్కంత బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అచ్చు కార్డుల కొలతే, కానీ ప్రతిదీ చేత్తో చేసింది. అలా 1,200 కార్డులు పోగయ్యాయి. 1997 వసంతంలో తన పాత పుస్తకాల కొట్టులో వాటిని ప్రదర్శనకు పెట్టాడు.

మామూలు ప్రదర్శన అయితే చివరి రోజు బొమ్మలు కొన్నవాళ్లు పట్టుకెళతారు. స్టిర్నెమాన్ వేరే పని చేశాడు. మీరూ ఇదే కొలతలో కార్డులు చేసుకురండి, మార్చుకుందాం అని జనాన్ని పిలిచాడు. అదే తొలి మార్పిడి సభ. ఆ తర్వాత జూరిక్‌లో ఇలాంటి సభలు క్రమం తప్పకుండా జరిగాయి. అతని దృష్టిలో కార్డు ఒక భాగమే. మనుషులు బల్ల చుట్టూ చేరి, ఆల్బమ్‌లు తిరగేసి, బేరమాడి, మార్చుకోవడం మొత్తం కలిపి ఒక కళాప్రదర్శన.

ఆ ఏడాదే కెనడా నుంచి డాన్ మేబీ అనే చిత్రకారుడు జూరిక్ వచ్చాడు. చక్ స్టేక్ అనే మారుపేరుతో మెయిల్ ఆర్ట్‌లో పండిపోయినవాడు. తిరిగెళ్లగానే సెప్టెంబరులో కాల్గరీ నగరంలోని న్యూ గ్యాలరీలో సభ పెట్టాడు. ఐస్ హాకీ కార్డులు మార్చుకుంటూ పెరిగిన దేశం కాబట్టి అక్కడ ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. 2000లో కాల్గరీలోనే తొలి అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. రబ్బరు స్టాంపుల ప్రియులు, పాత కాగితాలతో పుస్తకాలు కుట్టేవాళ్లు ఈ కార్డులను అందుకున్నారు. ఎదురెదురుగా కూర్చుని మార్చుకోవాలన్న తొలి నియమం సడలి, పోస్టులో మార్పిడులు పెరిగాయి.

జేబులో దూరితేనే కార్డు

చేసే పద్ధతికి నిబంధనల్లేవు, కానీ తొమ్మిది జేబుల పుట ఒక నిబంధన పెడుతుంది. గుండీలు, పూసలు గుట్టగా అంటిస్తే కార్డు జేబులో దూరదు. అందుకని అనుభవజ్ఞులు పొర మీద పొర వేసినా పలచగా ఉంచుతారు. ఏ4 కాగితంలో ఈ కొలతవి తొమ్మిది ముక్కలు వస్తాయి. కొందరు కాగితం మొత్తం ఒకే బొమ్మలా రంగులు వేసి, తర్వాత తొమ్మిదిగా కోస్తారు. ఏ ముక్కలో ఏం మిగులుతుందో కోసేదాకా తెలియదు. ఒకటే చేస్తే అసలు ప్రతి. వరసగా చేస్తే వెనక 3/9 అని రాస్తారు, తొమ్మిదింటిలో మూడోదని.

నిజం పేకముక్కనే గరుకు కాగితంతో రుద్ది, తెల్ల పూత వేసి వాడేవాళ్లూ ఉన్నారు. అదేం వింత కాదు. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో నికొలస్ హిలియర్డ్ రాజకుటుంబీకుల బుల్లి చిత్తరువులు వేసింది పేకముక్కకు అంటించిన పలచని తోలు మీదే.

కొంటామంటే?

2004లో వియ్యపువారికి తగువొచ్చింది. మార్చుకోవడం సరే, కొనేవాళ్లుంటే ఎందుకు అమ్మకూడదని కొందరు ఈబేలో వేలానికి పెట్టారు. అప్పటికే ఉన్న పేరు వాడితే కట్టుబాటు తప్పినట్టు కనుక, వాటికి ఏసియో అని వేరే పేరు పెట్టుకున్నారు. కొలత అదే, చేసే తీరు అదే. ఏసియోను డబ్బున్న ఎవరైనా కొనొచ్చు. ఏటీసీ కావాలంటే మాత్రం మీ చేత్తో ఒకటి చేసి తీరాలి. ఏ సంపాదకుడికీ, ఏ గ్యాలరీకీ సాధ్యంకాని పని ఈ చిన్న నిషేధం చేసింది. సేకరించేవాళ్లందరి చేతా బొమ్మ వేయించింది.

పెళ్లయిపోయిన శుభలేఖ అట్ట మీ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. 64 బై 89కి గీసి కోయండి. చేతికందిన రంగు, కాగితం, బస్సు టికెట్టు అతికించండి. వెనక పేరు, తేదీ వేయండి. చూసినవాళ్లు ఎవరైనా ముచ్చటపడి కొంటామంటే, తలా ఒకటి చేసుకుని రమ్మనండి.