ఊరి కంటే ముందొచ్చిన రైలు

2031 మే 11కి మద్రాసు బీచ్ – తాంబరం ఎలక్ట్రిక్ రైలుకు నూరేళ్లు నిండుతాయి. దక్షిణ భారతంలో కరెంటుతో నడిచిన తొలి రైలు అది. దేశం మొత్తం మీద మీటర్ గేజ్ పట్టాలపై అలా నడిచినవాటిలోనూ అదే మొదటిది. ఆ ఘనతలు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నాకు ఆ రైలంటే ఇష్టం వేరే కారణానికి. జనం వచ్చి స్థిరపడకముందే, వాళ్లు వస్తారన్న నమ్మకంతో వేసిన దారి అది. ఆ తర్వాత మన నగరాల్లో అలాంటి ముందుచూపు చాలా అరుదుగా కనిపిస్తుంది.

1639లో ఇంగ్లిష్ కంపెనీ సముద్రపు ఒడ్డున స్థలం సంపాదించి కోట కట్టుకున్న నాటి నుంచి చెన్నపట్నం చుట్టుపక్కల పల్లెల్ని కలుపుకుంటూ పెరిగింది. కోటలో ఉద్యోగం, ఊరి బయట తోట బంగళా, మధ్యలో పల్లకీయో గుర్రబ్బండో: దొరల రాకపోకలు రెండు వందల ఏళ్లు అలాగే సాగాయి. పరంగిమలై, పల్లావరంలో సైన్యం ఉండేది. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు తొలి రైలు కదిలింది. 1870ల్లో దక్షిణం నుంచి మీటర్ గేజ్ దారి వచ్చి చేరింది. 1908లో ఎగ్మూరు స్టేషన్ కట్టారు. ఇవన్నీ దూరప్రయాణాల కోసం. పొద్దున పనికెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే గుమాస్తా సంగతి రైల్వే కంపెనీలకు పట్టలేదు.

పట్టింది 1920ల్లో.

అప్పట్లో నుంగంబాక్కం నుంచి సైదాపేట దాకా నెలవంకలా సాగిన పెద్ద చెరువు ఒకటుండేది. ఇంగ్లిష్ వాళ్లు లాంగ్ ట్యాంక్ అనేవారు. జార్జిటౌన్, మైలాపూరు, తిరువళ్లిక్కేణి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. మరుసటి ఏడు కాళహస్తి ప్రాంతానికి చెందిన మన పానగంటి రామారాయణింగారు, అంటే పానగల్లు రాజా, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే ఆ చెరువు నీళ్లు తీసేసి, నేల చదును చేసి, మధ్యలో పార్కు, దాని చుట్టూ నాలుగు వైపులకూ విచ్చుకున్న రోడ్లతో కొత్త పేట గీశారు. జస్టిస్ పార్టీ పెద్ద పిట్టి త్యాగరాయ చెట్టి పేరు దానికి పెట్టారు. త్యాగరాయనగర్, జనం నోట టి.నగర్. పార్కుకు పానగల్లు పేరు వచ్చింది. ఉస్మాన్ రోడ్డు, నాయర్ రోడ్డు, జి.ఎన్. చెట్టి రోడ్డు అన్నీ ఆ పార్టీ వాళ్లవే. చెరువు పోయింది గానీ పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అన్న పేరు ఇంకా ఉంది.

1923లో పేట పనులు మొదలైన రోజుల్లోనే, తిరుచినాపల్లి కేంద్రంగా ఉన్న సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ కూడా కాగితాలు ముందేసుకుంది. హార్బరు పక్కనున్న బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా, సుమారు 30 కిలోమీటర్లు, శివారు ప్రయాణికుల కోసం ఎలక్ట్రిక్ రైలు. బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ – కుర్లా ఎలక్ట్రిక్ రైలు నడిచింది 1925లో. అంటే ఇక్కడ ఆలోచన పుట్టేనాటికి దేశంలో అలాంటిది ఇంకా ఎక్కడా పరుగు తీయలేదు. పైగా బొంబాయిలో రైళ్లెక్కడానికి జనం తోసుకుంటున్నారు. ఇక్కడ సైదాపేట దాటితే పొలాలు, తాటిచెట్లు, గుట్టలు. ఆ కాలపు కంపెనీ లెక్కల్లో అదొక సాహసమే.

1926లో పనులు మొదలై 1931 మార్చికి పూర్తయ్యాయి. ఏప్రిల్ 2న గవర్నర్ జార్జి ఫ్రెడరిక్ స్టాన్లీ ప్రారంభించారు. మే 11 నుంచి ఎలక్ట్రిక్ బండ్లు నడిచాయి. పైన 1,500 వోల్టుల డీసీ తీగ, తాంబరంలో పెట్టెలు నిలిపి బాగుచేసే షెడ్డు. సరుకు రవాణాకు తెచ్చిన ఎలక్ట్రిక్ ఇంజన్ల విషయంలో ఒక ముచ్చటైన ఏర్పాటు చేశారు. హార్బరు వైపు కొన్ని పట్టాల మీద కరెంటు తీగ లేదు. అందుకని ఇంజనుకు బ్యాటరీలు నింపిన బండి తగిలించేవారు. తీగ ఉన్నంత మేర తీగ కరెంటుతో, తీగ అయిపోయాక బ్యాటరీతో అదే ఇంజను ఓడల దాకా వెళ్లేది. ఈ వివరం చదివిన ప్రతిసారీ ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

రైలు వచ్చాక ఊళ్లు వాటంతటవే దాని పక్కకు చేరాయి. అప్పటికే డాక్టర్ చౌరీ ముత్తు 1928లో మంచి గాలి కోసం తాంబరం దగ్గర క్షయ ఆసుపత్రి పెట్టారు. దాని పేరుతో తాంబరం శానిటోరియం స్టేషన్ వెలిసింది. క్రోమ్ తోలు ఫ్యాక్టరీ పేరు క్రోంపేట స్టేషనుకు దక్కింది. హైకోర్టు ఎదురుగా ఇరుకున పడ్డ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ 1937లో తాంబరం అడవిలోకి తరలిపోయింది. ఈ రైలే లేకపోతే ఏ తండ్రి అయినా పిల్లవాణ్ణి అంత దూరం చదువుకు పంపేవాడా?

తెలుగువాళ్లకు ఈ దారితో ఉన్న చుట్టరికం చిన్నదేమీ కాదు. బెజవాడ వైపు నుంచి మెయిల్లో వచ్చి సెంట్రల్లో దిగినవాడికి, రోడ్డు దాటితే పార్క్ స్టేషన్. అక్కడ తాంబరం బండి ఎక్కితే ఎగ్మూరు, చెట్‌పట్, నుంగంబాక్కం, ఆపైన కోడంబాక్కం. సినిమాల్లో వేషం కోసం, పాట కోసం, మాట రాసే అవకాశం కోసం ఎన్ని ట్రంకుపెట్టెలు ఆ ప్లాట్‌ఫారం మీద దిగాయో! పడమటికి పోతే వడపళనిలో వాహిని స్టూడియో, తర్వాతి స్టేషన్ మాంబళంలో దిగి తూర్పుకు నడిస్తే పానగల్లు పార్కు. సాయంత్రం ఆ పార్కు చెట్ల కింద సగం మాటలు తెలుగులోనే వినిపించిన రోజులున్నాయి.

ఇక్కడి దాకా కథ వరసగా నడుస్తుంది. తర్వాత చిక్కులు పడుతుంది. 1960ల్లో డీసీ పోయి 25,000 వోల్టుల ఏసీ వచ్చింది. 2004లో ఈ దారిపై మీటర్ గేజ్ ముగిసింది. బీచ్ నుంచి మైలాపూరు మీదుగా ఎత్తు మీద వేసిన రెండో దారి 1995లో చేపాక్కం, 1997లో తిరుమయిలై, 2007లో వేళచ్చేరి చేరింది. అక్కడి నుంచి పరంగిమలైకి 5 కిలోమీటర్లే. 2008లో పని మొదలుపెట్టారు. ఆదంబాక్కం దగ్గర సుమారు 500 మీటర్ల నేల తగాదాతో ఆ ముక్క 15 ఏళ్లకు పైగా కలవకుండా ఉండిపోయింది. ఇళ్లు ముందు వచ్చి రైలు తర్వాత వస్తే ఇలాగే ఉంటుంది. బీచ్ – ఎగ్మూరు మధ్య నాలుగో లైను వేయడానికి 2023 ఆగస్టు నుంచి 14 నెలలు బీచ్ – చింతాద్రిపేట మధ్య ఆ ఎత్తు దారి బండ్లే ఆపేయాల్సి వచ్చింది.

హైదరాబాదులో మనమూ అదే అవస్థ పడుతున్నాం. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు, నిజాం కాలం నుంచి ఉన్న పట్టాల మీదే దూరప్రయాణపు బండ్లతో కలిసి నడవాలి. ఎక్స్‌ప్రెస్ వస్తే లోకల్ ఆగాలి. 2012-13లో మంజూరైన రెండో దశలో మేడ్చల్, ఉందానగర్ మార్గాలు 2023 ఏప్రిల్‌లో, మౌలాలి – సనత్‌నగర్ మార్గం 2024 మార్చిలో తెరుచుకున్నాయి. ఆ పదేళ్లలో మేడ్చల్ దారి పొడుగునా అపార్టుమెంట్లు లేచాయి, అందులో చేరినవాళ్లు కార్లు, బైకులు కొనుక్కున్నారు. ఒకసారి బైకుకు అలవాటు పడ్డ మనిషిని గంటకో బండి చూపించి రైలెక్కమంటే ఎక్కడు.

చెన్నైలోనూ అదే జరిగింది. 2023 డిసెంబరు 30న వండలూరు దగ్గర కిలాంబాక్కంలో భారీ బస్టాండు తెరిచారు. దక్షిణానికి వెళ్లే దూరపు బస్సుల్ని అక్కడికి మార్చారు. బీచ్ నుంచి తాంబరం మీదుగా చెంగల్పట్టు పోయే పట్టాలు ఆ బస్టాండు ఎదుటే ఉన్నాయి. స్టేషన్ మాత్రం అప్పటికి కట్టలేదు. సామాన్లతో వచ్చినవాళ్లు వండలూరులోనో గూడువాంజేరిలోనో రైలు దిగి, మళ్లీ సిటీ బస్సు పట్టుకుని బస్టాండుకు చేరాల్సి వచ్చింది.