కాళహస్తి ఏనుగు, ఫ్రెంచి నక్క

శ్రీకాళహస్తి పేరులో మూడు ప్రాణులున్నాయి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. చెయ్యి ఉన్నది గనక హస్తి. తొండమే ఆ చెయ్యి. అవి ఊరి పేరై, కాళహస్తయ్యలుగా మనుషులకూ చేరాయి.

ఫ్రెంచి నక్కది ఎదురుదారి. మనిషి పేరే జంతువుకు వచ్చింది. లాటిన్‌లో గుంటనక్క వుల్పేస్. అదే ఇటాలియన్‌లో వోల్పె, రొమేనియన్‌లో వుల్పె. ఫ్రెంచివాళ్లు దాని ముద్దురూపం నుంచి గూపీ అన్నారు. 12వ శతాబ్దపు కథల్లో జిత్తులమారి గూపీకి రెనార్ అని పేరు పెట్టారు. జర్మన్ మూలమున్న మగవాళ్ల పేరది. ఆ కథలు జనానికి ఎంత నచ్చాయంటే, నక్కలన్నీ రెనార్‌లయ్యాయి. గూపీ మరుగునపడింది. కథ ఒక భాషలో మాటనే మార్చేయడం నాకెంతో అపురూపంగా తోస్తుంది.